ఒక్క పెచ్చూ రాలలేదు

ఈ ప్రభుత్వ హయాంలో వేసిన రంగు ఏ చెక్క మీద నుంచీ, ఏ కాలంలోనూ, ఒక్క పెచ్చు కూడా రాలబోదని పైపూతల శాఖ మంత్రిగారు ప్రకటించిన రోజున నేను సభలో మూడో వరసలో ఉన్నాను. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఒకణ్ని. మాట్లాడుతున్నంతసేపూ మంత్రిగారు వేదిక ముందున్న చెక్క కటకటాలను గట్టిగా పట్టుకుని నిలబడ్డారు. ప్రసంగం ముగించి జనానికి చేతులు ఊపేసరికి రెండు అరచేతులూ ఊదా రంగులో మెరిశాయి. అధికార పార్టీ రంగు ఊదానే కాబట్టి, అది ఏర్పాట్లలో భాగమనుకుని జనం ఇంకోసారి చప్పట్లు కొట్టారు.

ఈ ప్రకటన వెనక కొంత చరిత్ర ఉంది. మా ఊళ్లో కాలవ మీద ఒక చెక్క వంతెన ఉంది. బండ్లు పోవు, మనుషులు నడవడానికి మాత్రమే. గత ప్రభుత్వం దానికి తమ పార్టీ రంగైన ఇటుక రంగు వేయించింది. ఈ ప్రభుత్వం గద్దెనెక్కిన వారంలోపే, మరే పనీ మొదలుపెట్టకముందే, దాని మీద ఊదా వేయించింది. రెండు వానలు పడ్డాయి. ఊదా పెచ్చులు పెచ్చులుగా లేచిపోయి అడుగు నుంచి ఇటుక రంగు బయటపడింది. ఒక పత్రిక ఆ ఫొటో మొదటి పేజీలో వేసి, కింద ‘పాతవాళ్లు తొంగి చూస్తున్నారు’ అని రాసింది. మంత్రివర్గం అత్యవసరంగా సమావేశమైంది. అంతవరకూ ఏ శాఖా లేకుండా ప్రతి సభలోనూ చివరి కుర్చీలో కునికిపాట్లు పడే ఒక నాయకుడికి, పైపూతల శాఖ అని కొత్తగా ఒకటి పుట్టించి అప్పగించారు.

అలా మా పరీక్షాశాలకు మహర్దశ పట్టింది. నేను ప్రభుత్వ పూతల పరీక్షాశాలలో టేపు లాగేవాణ్ని. ఇరవై రెండేళ్లుగా లాగుతున్నాను. మా ఆవిడ నా ఉద్యోగం గురించి పుట్టింట్లో ఇంతవరకూ వివరంగా చెప్పలేదు. పని మాత్రం సూక్ష్మమైనదే. రంగు వేసిన చెక్క మీద పదునైన బ్లేడుతో ఆరు గీతలు నిలువుగా, ఆరు గీతలు అడ్డంగా గీస్తాను. ఇరవై అయిదు గళ్లు వస్తాయి. వాటి మీద టేపు అంటించి, రబ్బరుతో గట్టిగా రుద్ది, ఒక్క లాగు లాగుతాను. టేపుతో పాటు ఎన్ని గళ్ల రంగు ఊడి వచ్చిందో చూస్తే ఆ రంగు చెక్కను ఎంత గట్టిగా పట్టుకుందో తెలుస్తుంది. ఏమీ ఊడకపోతే సున్నా. దాదాపు అంతా ఊడితే అయిదు. మధ్యలో మిగతావి.

మంత్రిగారు వారం తిరక్కుండానే మా పరీక్షాశాలకు విచ్చేశారు. తూనికల ఆఫీసు వెనకున్న ఆ ఒక్క గదిలోకి ఆయనా, ఆయన వెనక పదకొండు మందీ పట్టేసరికి నేను బీరువాకు అతుక్కుపోవలసి వచ్చింది. పాత వంతెన విప్పేసి ఆ చోటే కట్టబోయే కొత్త వంతెనకు రెండు రకాల పలకలు పరీక్షకు తెచ్చిపెట్టారు. ఒకటి పురుగూ చెమ్మా పట్టకుండా మందు తొట్టిలో నానబెట్టినది. రెండోది ఏ మందూ లేని ఎండు కలప. రెండింటికీ ఊదా రంగు వేసి, ఆరాక, మంత్రిగారి సమక్షంలో నేనే టేపు లాగాను.

“దేనికెంతొచ్చింది?” అన్నారు మంత్రిగారు.

“మందు పట్టించినదానికి అయిదు, పట్టించనిదానికి సున్నా సార్,” అన్నారు మా డైరెక్టరుగారు.

“అయితే మందుదే గెలిచింది.”

“కాదు సార్. సున్నా అంటే ఏమీ రాలలేదని.”

మంత్రిగారు సున్నా వచ్చిన పలకను చేతిలోకి తీసుకుని చూశారు. “అంటే మేం బాగా పనిచేస్తే మాకు సున్నా వస్తుందా?”

“ఇవాళ్టి వరకూ అలాగే ఉంది సార్,” అన్నారు డైరెక్టరుగారు.

సాయంత్రానికి అలా లేదు. దేశదేశాల్లో వాడే కొలమానాన్ని మా డైరెక్టరుగారు ఒక్క సంతకంతో తలకిందులు చేశారు. ఏమీ రాలకపోతే నూటికి నూరు. అంతా రాలితే సున్నా. ఆయన అలాంటి సమర్థుడు. ఎద్దు ఈనిందని పైవాళ్లంటే, దూడను కట్టెయ్యమని మాకు సర్క్యులర్ పంపే మనిషి.

పలకలు తెచ్చిన వడ్రంగి మేస్త్రి మాత్రం గుమ్మం దగ్గరే నిలబడి గొణిగాడు. మందు పట్టించిన పలకను రంగు వేసే పూటే తొట్టిలోంచి తీశాననీ, ఇంకా లోపల తడే ఆరలేదనీ, తడి చెక్క మీద ఏ రంగు నిలుస్తుందనీ అన్నాడు. “నెల్రోజులు నీడలో ఆరనివ్వండి బాబూ. దీనిక్కూడా రంగు బ్రహ్మాండంగా పడుతుంది. మందు లేనిదానికి రంగు బానే పడుతుంది గానీ, రెండేళ్లకి చెక్కుండదు. పైన రంగు బిగించేస్తే లోపలికి పోయిన నీళ్లు బయటికి రావు.”

ప్రభుత్వ వార్షికోత్సవం పదిహేను రోజుల్లో ఉంది. ఆ రోజే వంతెన తెరవాలి. నెల రోజులు ఆరబెట్టడానికి ప్రభుత్వం దగ్గర నెల రోజులు లేవు. రంగు నిలవడం ముఖ్యమా, చెక్క నిలవడం ముఖ్యమా అని మంత్రిగారు డైరెక్టరుగారిని సూటిగా అడిగారు. మన శాఖ పేరులో చెక్క అనే మాట లేదని డైరెక్టరుగారు అంతే సూటిగా చెప్పారు. ఆ పైన, మందు తొట్టిని కొన్నది గత ప్రభుత్వమని కాగితాల్లో బయటపడింది. మంత్రిగారు పలకను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, వెంటనే తల పక్కకు తిప్పుకున్నారు. ఊదా రంగును కావాలని రాల్చడానికి ఎవరో చేసిన కుట్రను మా పరీక్షాశాల ఛేదించిందని మర్నాడు పత్రికల్లో వచ్చింది. ఫొటోలో నా బొటనవేలు ఉంది.

మేస్త్రి వంతెన కోసం మందు పట్టించి ఉంచిన పలకలన్నీ వెనక్కి పంపేశారు. చాలా వాటిని ఎవరెవరో కొనుక్కుపోయారు. పొడుగాటివి, మందపాటివి రెండు మిగిలితే తన కొట్టు వెనక నీడలో ఆనించాడు. “ఆరనీ బాబూ. వాటికేమన్నా పదవీకాలమా,” అన్నాడు నాతో.

వంతెన పదిహేను రోజుల్లో లేచింది. ప్రారంభం రోజున నాలుగు పూతలు. తర్వాత పెద్దవాళ్లు ఎవరు మా ఊరి మీదుగా వెళ్లినా మరో పూత. పండితులు, పర్యవేక్షకులు, పొరుగు జిల్లా నుంచి చూసి నేర్చుకోవడానికి వచ్చిన బృందాలు. రెండేళ్లలో పద్దెనిమిది పూతలు పడ్డాయి. గోరుతో నొక్కితే తోలులా ఉండేది. మూడు నెలలకోసారి నేను వెళ్లి టేపు లాగేవాణ్ని. నూటికి నూరు. ప్రతిసారీ నూటికి నూరు. ఇంత నిలకడైన ఫలితం నా సర్వీసులో ఎన్నడూ చూడలేదు. నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. గోడకు కొట్టబోతే మేకు దిగలేదు.

నాకు ఒక అక్క ఉంది. నాకన్నా తొమ్మిదేళ్లు పెద్దది. కాలవకు ఇవతల ఆస్పత్రి బట్టలు ఉతికే లాండ్రీలో పని. రోజుకు రెండుసార్లు ఉతికిన దుప్పట్ల మూట నెత్తిన పెట్టుకుని వంతెన దాటి ఆస్పత్రిలో ఇచ్చి రావాలి. వంతెన కాకపోతే పెద్దరోడ్డు చుట్టు, గంటన్నర నడక. మూట ఆలస్యమైతే ఆపరేషన్ల గదిలో బల్లల మీద పరవడానికి ఏమీ ఉండదు, డాక్టర్లు చేతులు కట్టుకుని నిలబడతారు. అందుకని ఆమె మోకాలు పట్టేసిన రోజున కూడా వంతెన ఎక్కుతుంది.

ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి కూర్చుంటూనే అంది: “ఒరేయ్, మీ వంతెన పరుపులా ఉందిరా.”

“మెత్తగా ఉంటే మంచిదేగా అక్కా, నీ మోకాలికి,” అన్నాను నేను. ప్రభుత్వోద్యోగిని కదా.

“అడుగేస్తే దిగుతోంది. తీస్తే లేస్తోంది. పైన పటారం, లోన లొటారం. నాతోటి వాళ్లు ఇద్దరు దాటడం మానేశారు. నేను మానలేను. నువ్వోసారి చూడు.”

మర్నాడు పొద్దున్నే స్క్రూడ్రైవరు పట్టుకుని వెళ్లాను. ఒక పలక అంచున, రంగు కాస్త పల్చగా ఉన్న చోట గుచ్చాను. పిడి దాకా దిగిపోయింది. తీసి చూస్తే దాని మొనకి తడి పొట్టు అంటుకుని ఉంది. ఇంకో చోట గుచ్చాను. అక్కడా అంతే. నిన్న సాయంత్రం మా అక్క ఇక్కడే, నెత్తిన మూటతో, నడిచి వెళ్లింది. మా అక్క నన్ను ఎత్తుకుని పెంచింది. నేను ఇంతకాలం నూటికి నూరు వేసుకుంటూ వచ్చిన చోటు ఇదే.

పరుగున వెళ్లి డైరెక్టరుగారికి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని పరీక్ష ఫారం తీశారు. అందులో రంగు పేరు, పూతల సంఖ్య, మందం, మెరుపు, టేపు ఫలితం అన్నింటికీ గళ్లున్నాయి. చెక్కకు గడి లేదు. చెక్క అటవీ శాఖది, వాళ్లను అడగమన్నారు. అటవీ శాఖను అడిగితే, రంగు వేసిన క్షణం నుంచి అది చెక్క కాదనీ, రంగు వేసిన కట్టడమనీ, అది పైపూతల శాఖదనీ రాతపూర్వకంగా జవాబిచ్చారు. చివరికి నేను ఫారం అడుగున ఖాళీ జాగాలో ‘లోపల చెక్క లేదు’ అని రాశాను. డైరెక్టరుగారు దాన్ని రెండుసార్లు చదివి, నా మీద కోపం తెచ్చుకోకుండా, నాకే మేలు చేస్తున్నట్టు ఒక మాట మార్చారు. ఫారం పైకి వెళ్లేసరికి ‘లోపల చెక్కతో ఇబ్బంది లేదు’ అని ఉంది.

అక్కకు దాటవద్దని చెప్పాను. దుప్పట్లు నువ్వు మోస్తావా అని అడిగింది.

ఇలా ఉండగా ప్రభుత్వానికి మూడో వార్షికోత్సవం వచ్చింది. రాలని రంగుకు రెండేళ్లు నిండిన సందర్భంగా మంత్రిగారు వంతెన నడిమధ్యకు వెళ్లి, పత్రికల వాళ్ల ముందు, స్వహస్తాలతో టేపు లాగుతారని ప్రకటించారు. పొద్దుటి నుంచే వంతెనకు అటూ ఇటూ తాళ్లు కట్టి జనాన్ని ఆపేశారు. మా అక్క కూడా మూటతో తాడు వెనక నిలబడి ఉంది. అటు గట్టున ఆస్పత్రి మనిషి చెయ్యూపుతూ త్వరగా రమ్మంటున్నాడు. ఆమె పోలీసును ఒకసారి అడిగింది, రెండుసార్లు అడిగింది. తర్వాత ఎటో వెళ్లిపోయింది.

నేను బ్లేడూ టేపూ పళ్లెంలో పెట్టుకుని మంత్రిగారి పక్కనే ఉన్నాను. ఆయన వంతెన మీద కాలు పెట్టబోతుంటే ధైర్యం చేసి చెవిలో చెప్పాను.

“సార్, లోపల చెక్క లేదు.”

“రంగుందా?”

“ఉంది సార్.”

“మరింకేంటయ్యా,” అని ఆయన పళ్లెం నా చేతిలోంచి తీసుకుని బయల్దేరారు. నాయకుడంటే అలా ఉండాలి.

వంతెనను మధ్యలో మోసే రాతి స్తంభానికి నాలుగడుగుల ఇవతలే ఆగి, కెమెరాల వైపు తిరిగి నవ్వారు. నవ్వుతూనే మెల్లగా కిందికి దిగడం మొదలుపెట్టారు. చప్పుడు లేదు. కింద కాలవలోకి పొట్టు మాత్రం జలజలా రాలింది. పద్దెనిమిది పూతల రంగు చిరగలేదు, ఊయల గుడ్డలా సాగి, మంత్రిగారిని నడుం దాకా తనలోకి తీసుకుని, నీళ్లకు మూరెడు పైన ఆపింది. ఆయన మోకాళ్లు చెవుల దగ్గరికొచ్చాయి. పళ్లెం ఇంకా చేతిలోనే ఉంది.

డైరెక్టరుగారు మైకు అందుకున్నారు. ఎవరూ కంగారు పడవద్దనీ, పూత చెక్కుచెదరలేదనీ ప్రకటించారు. ఎలాగూ కూర్చున్నారు కాబట్టి ఆ పని కూడా కానిచ్చేస్తే బాగుంటుందని మంత్రిగారిని మర్యాదగా కోరారు. మంత్రిగారు కూర్చున్న చోటే గీతలు గీసి, టేపు అంటించి లాగారు. ఇరవై అయిదు గళ్లూ పదిలం. గట్టు మీద చప్పట్లు మోగాయి.

తర్వాత ఆయన్ని తీయడం ఎలా అన్న ప్రశ్న వచ్చింది. పడవలో వెళ్లి కింద నుంచి పూతను కోస్తే సరిపోతుందని ఒక పోలీసు అన్నాడు. ప్రభుత్వ పూతను కోయాలంటే మంత్రిగారి లిఖిత అనుమతి కావాలన్నారు డైరెక్టరుగారు. ఒక వెదురు కర్రకు ఫైలు కట్టి పంపారు. ఫైలు అందింది, కలం లేదు. కలం కట్టి పంపారు. మంత్రిగారు ఫైలు చదివి, కోస్తే నూటికి ఎంతొస్తుందని అక్కడి నుంచే అడిగారు. సున్నా అని చెప్పారు. ఆయన సంతకం పెట్టలేదు. నలభై నిమిషాలు గడిచాయి. ఎండ ఎక్కింది. ఊయల ఇంకో జానెడు దిగింది.

అప్పుడు గట్టు కింద నుంచి మేస్త్రీ, లాండ్రీ ఆడవాళ్లు ఆరుగురూ, కొట్టు వెనక నీడలో ఆరిన ఆ రెండు పలకలు మోసుకుంటూ వచ్చారు. ముందు మా అక్క. కాలవ మధ్య రాతి స్తంభం వంతెన కన్నా వెడల్పు. ఒక పలక గట్టు నుంచి స్తంభానికి, రెండోది స్తంభం నుంచి అవతలి గట్టుకు, వంతెన పక్కనే వేశారు. పోలీసులంతా మంత్రిగారిని చూస్తున్నారు కాబట్టి ఎవరూ ఆపలేదు. మా అక్క మూట నెత్తికెత్తుకుని పలక మీద కాలు పెట్టింది. పలక కిర్రుమనలేదు, వంగలేదు.

ఆమె మంత్రిగారి కోసం రాలేదు. దుప్పట్లు ఇవ్వడానికి వెళుతోంది. స్తంభం దగ్గరికొచ్చేసరికి, బిగిసి సాగిన పూతతో పాటు మంత్రిగారి కాలొకటి పలక మీదికి చాచుకుని ఉంది. ఆమె ఆగి, మూట దించి, చెయ్యి చాచింది.

“లేవండి బాబూ, దారికడ్డం.”

మంత్రిగారు ఆ చెయ్యి పట్టుకుని పైకొచ్చారు. తర్వాత ఇద్దరూ పలక మీద ఒకరి వెనక ఒకరు నడిచారు. ముందు మూటతో మా అక్క, వెనక ఒక చెప్పుతో మంత్రిగారు. ఆ ఫొటో ప్రతి పత్రికలోనూ వచ్చింది.

మర్నాడు వంతెన మీద నడక నిషేధించారు. జనం కాళ్ల వల్ల పూత గీతలు పడుతోందట. ఊదా వంతెన మాత్రం చూడటానికి అలాగే ఉంచారు. ఊరంతా పక్కనున్న రెండు పలకల మీద దాటడం మొదలుపెట్టింది. అక్క కూడా. మూడో రోజు డైరెక్టరుగారు నన్ను పిలిచారు. ఆ పలకలకు ఏ రంగూ లేదు, ఏ పరీక్షా కాలేదు, కాబట్టి సాయంత్రంలోగా తీసేయించాలన్నారు.

నాకు ఒళ్లు మండింది. ఇరవై రెండేళ్లలో మొదటిసారి మండింది. ఒక ఫారం తీసుకుని కాలవ దగ్గరికి వెళ్లాను. బోడి పలక మీద ఆరు గీతలు నిలువుగా, ఆరు అడ్డంగా గీసి, టేపు వేసి లాగాను. ఫారం నింపి తెచ్చి డైరెక్టరుగారి బల్ల మీద పెట్టాను.

“రంగేమైనా రాలిందా?” అన్నారాయన.

“ఒక్క పెచ్చు కూడా రాలలేదు సార్.”

ఆయన ఫారంలో గళ్లన్నీ పైనుంచి కిందిదాకా చూసుకున్నారు. తప్పు కనబడలేదు. నూటికి నూరు వేసి సంతకం పెట్టారు. పలకలు ఉండిపోయాయి. ఆ రోజు నేను గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఈల వేశానని మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది.

నా ఫారం పైకి వెళ్లింది. మంత్రిగారికి పోయిన ప్రాణం లేచి వచ్చింది. ఆయన కాలు మోపిన పలకకు నూటికి నూరు వచ్చిందన్న వార్త ఊరూరా పాకింది. పార్టీ వాళ్లు సర్వే చేయిస్తే, మంత్రివర్గం మొత్తంలో జనానికి నచ్చిన ఫొటో ఆ పలక మీదదేనని తేలింది. ఆ పలక ఏ రంగని మంత్రిగారు ఫోను చేసి అడిగారు. చెక్క రంగని చెప్పాను. అది ఏ పార్టీదని అడిగారు. ఇంతవరకూ ఎవరిదీ కాదని చెప్పాను. ఆయన ఫోను పెట్టేశారు.

పది రోజుల్లో పార్టీ జెండా మారింది. కార్యాలయాల గోడలు, బస్సుల వెనక భాగాలు, నీళ్ల ట్యాంకులు, కార్యకర్తల చొక్కాలు అన్నీ చెక్క రంగు అయ్యాయి. చెక్కంత నిజాయితీ గల ప్రభుత్వమని పాట కూడా రాయించారు. పాట బాగుంది.

ఆ తర్వాతి వారం నాకు ఉత్తర్వు వచ్చింది. చేత్తో పట్టుకుని కాలవ గట్టుకు వెళ్లాను. అక్క అప్పుడే మూట ఎత్తుకుని వస్తోంది. చేతిలో కాగితమేంటని అడిగింది. చదివి వినిపించాను. “ప్రజల గుండెల్లో నిలిచిన ఆ రెండు పలకలకు పార్టీ వారి చెక్క రంగు ఎనిమిది పూతలు వేయవలెను. మందు పట్టించిన కలపకు రంగు అంటదని గత పరీక్షల్లో రుజువైనందున, వాటిని తొలగించి, మందు పట్టించని పలకలు అమర్చి వేయవలెను.”

అక్క మూట సర్దుకుంది. పలక వైపు చూసింది, నా వైపు చూసింది.

“ఇప్పుడు దాటొచ్చా?” అంది.

“ఇవాళ దాటెయ్ అక్కా. రంగు వాళ్లు రేపొస్తారు.”